అంత మంచులో అవి ఏం తిని బతుకుతాయి?

శారద_కె:

అందరికీ నమస్కారం. మా అమ్మాయిది ఆరో తరగతి. ఆర్కిటిక్ జంతువులు, వాటి ఆహారం మీద చార్టు వేసుకు రమ్మన్నారు. పొద్దున్నించీ నా ప్రాణం తోడేస్తోంది. పుస్తకంలో ఉన్నవి మూడే ముక్కలు: పోలార్ బేర్ సీల్‌ను తింటుంది, సీల్ చేపను తింటుంది, రెయిన్‌డీర్ గడ్డి తింటుంది. అవే గీసేసి చేతులు దులుపుకుందామంటే పిల్ల ఊరుకోదే! "చలికాలమంతా మంచే కదా, మరి గడ్డి ఎక్కడిది?" అంటుంది. "సీల్ ఎలుగుబంటి కంటే బాగా ఈదుతుంది కదా, మరి ఎలా దొరుకుతుంది?" అంటుంది. నెలల తరబడి సూర్యుడే రాని చోట సముద్రంలో నాచు ఎలా పెరుగుతుందట. నన్నడిగితే నాకేం తెలుసు?

నెట్‌లో వెతికితే ఇంకా అయోమయం. నక్క ఎలుగుబంటి వెనకాలే తిరిగి మిగిలింది తింటుందని ఒకచోట, అదేం కాదు లెమ్మింగులనే ఎలుకల్ని తింటుందని ఇంకోచోట. ఏది నిజం? వేసవిలో మంచు కరిగాక ఎలుగు సంగతేంటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, చార్టు ఎల్లుండి ఇవ్వాలి. ఇప్పటికే పెన్సిల్‌తో ఒక పెంగ్విన్ కూడా గీసి పెట్టింది.

కిరణ్_88:

ముందు ఆ పెంగ్విన్‌ని చెరిపించేయండి మేడమ్. అది భూమికి ఆ చివర సరుకు. ఉత్తరాన నలుపూ తెలుపూ వేసుకుని నిటారుగా నిలబడేవి ఆక్‌లు, గిలెమాట్‌లు. కాకపోతే అవి ఎగురుతాయి. నాకు తెలిసింది ఇంతే. గ్యాలీ బాబాయ్ గారూ, ఎక్కడున్నారు? ఇది మీ ఏరియా.

గ్యాలీ_బాబాయ్:

వచ్చానయ్యా. శారద గారూ, నేను సైంటిస్టును కాదండీ, వంటవాణ్ణి. వేసవిలో స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ టూరిస్టుల్ని తిప్పే ఓడలో నా పని. నార్వేకి ఉత్తరాన, 74 నుంచి 81 డిగ్రీల మధ్య ఉంటాయవి. మా గైడ్లు భోజనాల దగ్గర కూర్చున్నా జంతువుల గోలే. వాళ్ల నోట విన్నవి కొన్ని, డెక్ మీద నిలబడి చూసినవి కొన్ని. వంటింటి బుద్ధి కదా, ఎవరు ఏం తింటున్నారు, ఏం వదిలేస్తున్నారు అన్న దాని మీదే నా కన్ను.

పాప అడిగింది అసలైన ప్రశ్న. ఈదుతున్న సీల్‌ని ఎలుగు వెంటపడి పట్టడం దాదాపు జరగని పని. అందుకే దానికి సముద్రం మీద మంచు కావాలి. సీల్ చేప కాదు, ఊపిరి కోసం పైకి రావాల్సిందే. సముద్రం గడ్డకట్టేటప్పుడు రింగ్డ్ సీల్ ముందరి గోళ్లతో మంచులో కన్నాలు గీరి, అవి పూడిపోకుండా చలికాలమంతా గీరుతూనే ఉంటుంది. ఎలుగు ఆ కన్నం పక్కన కదలకుండా గంటలు గంటలు కాపు కాస్తుంది. ముక్కు పైకి రాగానే పంజా విసురుతుంది. వసంతంలో అయితే సీల్ ఆ కన్నం పైన పేరుకున్న మంచును గుల్లచేసి అందులో పిల్లను పెడుతుంది. బయటికి ఏమీ కనపడదు. ఎలుగు వాసన పట్టుకుని వచ్చి, ముందు కాళ్లు రెండూ ఎత్తి ఆ కప్పు మీద దబ్బున పడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా దానికి పండగే. ఏడాది పొడుగునా బతకడానికి కావలసిన కొవ్వులో చాలా భాగం ఆ రోజుల్లో పెట్టేదే.

ఒకసారి తింటుండగా చూశాను. టెలిస్కోప్‌లోనే లెండి. 2025 నుంచి అక్కడ ఎలుగుకి 300 మీటర్ల లోపలికి వెళ్లకూడదని రూలు. మార్చి 1 నుంచి జూన్ 30 వరకైతే 500 మీటర్లు. మంచు పలక మీద అప్పుడే చంపిన సీల్ ఉంది. ఎలుగు ఒక పంజాతో దాన్ని అదిమిపట్టి, చర్మం అంచును పళ్లతో పట్టుకుని వెనక్కి లాగుతోంది. చర్మంతో పాటే దాని కిందున్న తెల్లటి కొవ్వు కూడా మందంగా ఊడి వస్తోంది. మధ్యమధ్యలో ఆగి మూతిని మంచుకేసి రుద్దుకుంటోంది. ముక్కు నుంచి ముంజేతుల దాకా ఎర్రగా ఉంది. పక్కన నాలుగైదు ఐవరీ గల్స్, మచ్చలేని తెల్ల పక్షులు, నెత్తురు పడ్డ మంచును పొడుచుకుంటున్నాయి. కాసేపటికి ఎలుగు నీళ్లలో దిగి ఒళ్లు కడుక్కుని, అవతలి పలకెక్కి నడుచుకుంటూ పోయింది. చూస్తే ఎర్ర మాంసం చాలావరకు ఎముకల మీదే ఉంది! వంటవాణ్ణి కదా, నా ప్రాణం ఉసూరుమంది.

ఎందుకలా వదిలేసిందని మా గైడ్ అమ్మాయిని అడిగాను. మాంసం అరిగాక యూరియా తయారవుతుంది, దాన్ని బయటికి పంపాలంటే నీళ్లు కావాలి. చుట్టూ ఉన్నది ఉప్పు నీళ్లు, మంచు. మంచు తిని కరిగించుకుంటే ఒంట్లో వేడి దండగ. కొవ్వు అయితే అరిగేటప్పుడు దానిలోంచే నీళ్లు పుడతాయి. పైగా తిన్న కొవ్వులో 97 శాతం దాకా ఎలుగు ఒంటికి పట్టించుకుంటుందట. బక్కచిక్కిన ఎలుగులు, కూనలున్న తల్లులు మాత్రం మాంసాన్ని కూడా అంత తేలిగ్గా వదలవు.

ఇక నక్క. ఎలుగు వదిలిన మాంసం దానికి మహాప్రసాదం, అందుకే చలికాలంలో మంచు మీద దాని వెంట పడి పోతుంది. మీరు చదివిన రెండూ నిజమే, చోటును బట్టి మారతాయి. స్వాల్‌బార్డ్‌లో లెమ్మింగులు లేవు. అక్కడి నక్కలు పక్షుల మీద, చచ్చిన రెయిన్‌డీర్‌ల మీద ఆధారపడతాయి. ఆల్కెఫ్యెల్లెట్ అని ఒక కొండ ఉంది, సముద్రంలోంచి నిట్టనిలువుగా లేస్తుంది. వేల వేల గిలెమాట్‌లు దాని అంచుల మీద గుడ్లు పెడతాయి. పిల్లకు మూడు వారాలు నిండేసరికి, రెక్కలు సరిగ్గా రాకముందే, కిందికి దూకేస్తుంది. నీళ్లలో పడితే బతికింది, తండ్రి పక్షి దాన్ని వెంటబెట్టుకుని సముద్రంలోకి ఈదుకుంటూ పోతుంది. నేల మీద పడ్డవాటి కోసం నక్క అక్కడే కాచుకుని ఉంటుంది. తిన్నన్ని తిని, మిగిలినవి రాళ్ల సందుల్లో దాస్తుంది. అక్కడి చలికి పాడవ్వవు.

ఆ నక్కలు ఎంత దూరమైనా పోతాయి. 2018లో నార్వే పోలార్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మెడకి ట్రాకర్ కట్టిన ఓ కుర్ర ఆడనక్క స్వాల్‌బార్డ్‌లో బయల్దేరి, మంచు మీదుగా గ్రీన్‌లాండ్ దాటి, కెనడాలోని ఎల్స్‌మియర్ దీవికి చేరింది. 76 రోజుల్లో 3,506 కిలోమీటర్లు! అక్కడ తిండి అలవాటే మార్చుకోవాలి పాపం, లెమ్మింగుల దేశం అది.

రెయిన్‌డీర్‌కి గడ్డి ఎక్కడిదంటే, అందులోనూ సముద్రం చెయ్యి ఉంది. పక్షులు సముద్రంలో మేసి కొండ మీదికొచ్చి రెట్టలు వేస్తాయి, ఆ ఎరువుకి కొండ కింద నేలంతా పచ్చగా అవుతుంది. చుట్టూ బూడిద రంగు రాళ్లు, ఆ ఒక్క చోట మాత్రం కాలు పెడితే మెత్తగా దిగబడే నాచు, గడ్డి. ఆల్క్‌హోర్నెట్ కొండ కింద రెయిన్‌డీర్‌లు అక్కడే మేస్తుంటాయి. వేసవిలో తిన్నది తిన్నట్టు కొవ్వు పెడతాయి, శరత్తు వచ్చేసరికి తొడల వెనక 10 సెంటీమీటర్ల దాకా పేరుకుంటుంది. చలికాలంలో గిట్టలతో మంచు తవ్వి, దొరికిన ఎండు పరక తింటూ, ఆ కొవ్వు కరిగించుకుంటూ నెట్టుకొస్తాయి. అక్కడ తోడేళ్లు లేవు కాబట్టి వాటిని ఎక్కువగా చంపేది ఆకలే. ఇసుకా రాయీ కలిసిన మేతకి పళ్లు అరిగిపోతాయి, అరిగాక ఎంత మేత ఉన్నా నమలలేవు. ఎలుగు కూడా అప్పుడప్పుడూ పడుతుంది. 2020 ఆగస్టులో స్వాల్‌బార్డ్‌లోనే హోర్న్‌సుండ్ అనే చోట ఒక ఎలుగు రెయిన్‌డీర్‌ని సముద్రంలోకి తరిమి, ముంచి చంపడం పోలండ్ పరిశోధకులు కళ్లారా చూశారు.

నాచు సంగతి మర్చిపోయాను. చీకటి అంతా ఉండదండీ, ఫిబ్రవరి మార్చి నెలల్లో వెలుతురు తిరిగొస్తుంది. మంచు పలక గుండా కిందికి దిగే ఆ కాస్త వెలుతురుకే దాని అడుగున నాచు పడుతుంది. ఓడ మంచు పలకల్ని తోసుకుంటూ పోయేటప్పుడు కొన్ని తిరగబడతాయి, అడుగంతా గోధుమ రంగులో ఉంటుంది. టూరిస్టులు బురద అనుకుంటారు. దాన్ని తినేవి కోపెపాడ్‌లు, కొద్ది మిల్లీమీటర్ల పురుగులు. బాగా మేసిన కోపెపాడ్‌ను ఎండబెట్టి తూస్తే సగానికి పైగా కొవ్వే. వాటిని పోలార్ కాడ్ చేప, ఆ చేపను సీల్, సీల్‌ను ఎలుగు. నేను చూసిన ఆ తెల్లటి కొవ్వు అలా చేతులు మారి వచ్చిందే. చార్టులో ఏ జంతువు ఏం తింటుందో రాసినచోటే ఏ నెలలో తింటుందో కూడా రాయించండి. అది లేకపోతే సగం కథ పోయినట్టే.

అడవి_పిచ్చి:

బాబాయ్ గారు లెమ్మింగుల్ని ఒక్క ముక్కలో తేల్చేశారు. నేనొప్పుకోను! కెనడా, అలాస్కా, సైబీరియా టండ్రాలో, అంటే చెట్లు మొలవని ఆ చలి మైదానాల్లో, సగం జంతువుల కడుపు నింపేవి అవే.

అరచేతిలో పట్టేంత ఎలుక. చలికాలం నిద్రపోదు, వలస పోదు. మంచు కిందే సొరంగాలు చేసుకుని, నేలకి అంటుకున్న నాచు, గడ్డి మొదళ్లు కొరుక్కుంటూ ఉంటుంది. పైన ఎంత చలి ఉన్నా మంచు దుప్పటి కింద నేల దగ్గర చాలా నయం. అక్కడే ఎండు గడ్డితో గూడు కట్టి పిల్లల్ని కూడా పెడుతుంది, చలికాలం మధ్యలో! కాలర్డ్ లెమ్మింగ్ అనే రకానికి చలికాలం రాగానే బొచ్చు తెల్లబడుతుంది, ముందు కాళ్ల మీద రెండేసి గోళ్లు లావుగా పెరుగుతాయి, మంచు తవ్వడానికి. ఎండాకాలం వచ్చేసరికి ఆ లావు పోతుంది.

మూడు నాలుగేళ్లకోసారి వీటి సంఖ్య విపరీతంగా పెరిగి మళ్లీ పడిపోతుంది. పెరిగిన ఏడాది మంచు గుడ్లగూబ పదకొండు గుడ్ల దాకా పెడుతుంది, లేని ఏడాది అసలు పెట్టకపోవచ్చు. గూడు చుట్టూ చచ్చిన లెమ్మింగుల్ని పేర్చి పెట్టుకుంటుంది. నక్క కూడా అంతే, మంచి ఏడాది ఒక ఈతలో పదికి పైగా పిల్లలు. నక్క మంచు మీద నిలబడి చెవులు నిక్కించి వింటుంది, కింద గీరుతున్న చప్పుడు పట్టుకుని ఎగిరి తలకిందులుగా మంచులోకి దూకుతుంది.

దూకడం అంటే గుర్తొచ్చింది. లెమ్మింగులు గుంపుగా కొండ మీంచి దూకి ఆత్మహత్య చేసుకుంటాయన్నది శుద్ధ అబద్ధం. 1958 నాటి ఒక సినిమా కోసం కొని తెచ్చిన లెమ్మింగుల్ని నీళ్లలోకి తోసి తీశారు. దయచేసి చార్టులో ఎక్కించకండి.

శారద_కె:

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ దండాలు. చార్టు ఒకటి సరిపోదు, రెండోది కొనుక్కురమ్మంటోంది. ఇంకో రెండు. వేసవిలో ఎలుగు ఏం తింటుందో బాబాయ్ గారు చెప్పలేదు. పళ్లు, గడ్డి తిని సర్దుకుంటుందని ఒక వీడియోలో చూశాం. ఇంకోటి, రెయిన్‌డీర్ తినే లైకెన్ అంటే ఏంటి? గడ్డి వేరు, అది వేరా?

గ్యాలీ_బాబాయ్:

తింటుంది. సర్దుకోదు. ఆ రెండింటికీ చాలా తేడా ఉందండీ.

కెనడాలో హడ్సన్ బే అని ఉంది. అక్కడ వేసవిలో సముద్రం మీద మంచు మొత్తం కరిగిపోతుంది. జూలై నుంచి నవంబరు దాకా ఎలుగులు ఒడ్డునే పడి ఉంటాయి. 2019 నుంచి 2022 మధ్య 20 ఎలుగుల మెడలకి వీడియో కెమెరాలు కట్టి, ఒక్కోదాన్ని మూడు వారాల పాటు గమనించారు. కొన్ని పళ్లు, గడ్డి, సముద్రపు పాచి, చచ్చిన పక్షులు, ఎముకలు, పాత కొమ్ములు కూడా కొరుకుతూ తిరిగాయి. కొన్ని కదలకుండా పడుకున్నాయి. 20లో 19 చిక్కిపోయాయి, సగటున రోజుకో కిలో. తిరిగినవీ చిక్కాయి, పడుకున్నవీ చిక్కాయి. వెతుక్కుంటూ తిరగడానికి అయిన ఖర్చు, దొరికిన తిండికి సరిపోయింది. స్వాల్‌బార్డ్‌లోనూ మంచు లేనప్పుడు దీవుల మీద బాతుల, హంసబాతుల గుడ్లు తింటుంటాయి. ఒక గూడు తర్వాత ఒక గూడు, ఏదీ మిగల్చవు. పక్షులకి అది నష్టమే గానీ ఎలుగు అంత ఒళ్లుకి అవి ఏ మూలకి?

కడుపుతో ఉన్న ఆడ ఎలుగు పరిస్థితి ఇంకా ఘోరం. హడ్సన్ బేలో అది మంచు కరిగాక ఒడ్డుకొచ్చి, గుహలోకి పోయి, అక్కడే ఈని, పాలిచ్చి, వసంతంలో మళ్లీ మంచు మీదికి వచ్చేదాకా ఎనిమిది నెలలు పస్తే. పుట్టినప్పుడు కూన అరకిలో చిల్లర ఉంటుంది. దాన్ని పెంచే పాలు కూడా పోయిన వసంతపు సీల్ కొవ్వే.

వంటకి సంబంధించిన ముక్క ఒకటి చెప్పకుండా ఉండలేను. ఎలుగు కాలేయం మనిషి తినకూడదు. సీల్స్ నుంచి వచ్చిన విటమిన్ ఎ అంతా అక్కడ పేరుకుంటుంది. 1597లో రష్యాకి ఉత్తరాన నొవాయా జెమ్ల్యా దీవుల్లో చిక్కుకుపోయిన డచ్ నావికుడు బారెంట్స్ మనుషులు అది వండుకుని తిని మంచాన పడ్డారు. ముగ్గురికి తల నుంచి కాళ్ల దాకా చర్మం ఊడిపోయిందని వాళ్ల డైరీలో ఉంది. ఆర్కిటిక్ ఆదివాసులు ఇన్యూట్‌లు దాన్ని కుక్కలకి కూడా పెట్టరు.

లెక్కల_మాస్టారు:

లైకెన్ అంటే గడ్డి కాదమ్మా, మొక్కే కాదు. ఫంగస్, నాచు కలిసి ఒకే ఒంట్లో చేసే కాపురం. రెయిన్‌డీర్ కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని అరిగించగలవు, మిగతా జంతువుల్లో చాలావాటికి చేతకాదు. బలం తక్కువే గానీ మంచు కింద చలికాలమంతా దొరుకుతుంది. దాంతో చిక్కేమిటంటే ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. తిన్నంత వేగంగా తిరిగి రాదు.

నేను పిల్లలకి చెప్పే లెక్క ఒకటుంది. బేరింగ్ సముద్రంలో సెయింట్ మాథ్యూ దీవి. 1944లో అమెరికా కోస్ట్ గార్డ్ అక్కడి సిబ్బందికి కష్టకాలంలో తిండిగా పనికొస్తాయని 29 రెయిన్‌డీర్‌లని వదిలింది. యుద్ధం అయిపోయింది, సిబ్బంది వెళ్లిపోయారు. తోడేలు లేదు, మనిషి లేడు, నేలంతా మందంగా లైకెన్. 1957లో లెక్కపెడితే 1,350. 1963 వేసవిలో 6,000. అప్పటికే అవి బక్కగా ఉన్నాయి, లైకెన్ అయిపోయింది. 1963-64 చలికాలం భయంకరంగా వచ్చింది. 1966లో వెళ్లి చూస్తే మిగిలినవి 42. అందులో మగది ఒక్కటే, దాని కొమ్ములూ సరిగ్గా లేవు. 1980ల నాటికి ఒక్కటీ లేదు. బోర్డు మీద గ్రాఫ్ గీస్తే పిల్లలు ముందు తప్పు వేశానంటారు.

లైకెన్ ఉన్నా అందక చచ్చే రోజులు కూడా ఉంటాయి. చలికాలంలో వాన పడితే అది మంచు మీద గాజులా గడ్డకడుతుంది, గిట్టతో పగలదు. 2013 నవంబరులో రష్యాలోని యమాల్‌లో అలా వాన పడి 61,000 రెయిన్‌డీర్‌లు చచ్చాయి. స్వాల్‌బార్డ్‌లో ఇలాంటప్పుడు ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు పాచి తింటున్నాయని 2019లో పరిశోధకులు రాశారు. బాబాయ్ గారు చూశారా?

గ్యాలీ_బాబాయ్:

లేదు మాస్టారూ, అది చలికాలపు ముచ్చట. నేను ఉండేది వేసవిలోనే.

కిరణ్_88:

నాదొక డౌటు. వాల్‌రస్ ఆ దంతాలతో సముద్రం అడుగు తవ్వి ఆల్చిప్పలు తీస్తుందట కదా?

అడవి_పిచ్చి:

తవ్వదు బ్రదర్. చాలాకాలం అలాగే అనుకున్నారు. దంతాలు మంచు మీదికి ఎగబాకడానికి, తోటి వాల్‌రస్‌ల మీద పెత్తనం చెయ్యడానికి. ఆల్చిప్పల్ని వెతికేది మీసాలు, అవి 400 పైనే ఉంటాయి, లావుగా బిరుసుగా. బురదలో మీసాలతో తడిమి, నోట్లోంచి నీళ్లు చిమ్మి, ఫ్లిప్పర్‌తో, అంటే తెడ్డులాంటి ముందు కాలితో, బురద ఊడ్చి, దొరికిన ఆల్చిప్పను పెదాల మధ్య పెట్టుకుని లోపలి మాంసాన్ని జుర్రేస్తుంది. పెంకు అక్కడే ఉమ్మేస్తుంది. ఊడ్చేటప్పుడు ఎక్కువగా కుడి ఫ్లిప్పరే వాడుతుందని 2003లో గ్రీన్‌లాండ్ దగ్గర నీళ్లలో వీడియో తీసి మరీ తేల్చారు. లోతు తక్కువ నీళ్లే కావాలి దానికి, ఎక్కువగా 80 మీటర్ల లోపే. అందుకే అది నడి సముద్రంలో కనపడదు, ఒడ్డుల దగ్గరా, లోతు లేని చోట మంచు మీదా ఉంటుంది.